శిలమీది వ్రాత, తెరమీది వ్రాత

కరీంనగరమునకు చేరువలో, గంగాధర మండలమున, కురిక్యాల గ్రామము దగ్గర ఒక గుట్ట ఉన్నది. ఆ ప్రాంతమువారు దానిని బొమ్మలమ్మగుట్ట యందురు. అచటి బండమీద జైనమూర్తులు చెక్కబడియున్నవి. వానితో పాటు ఒక శాసనము కలదు. పదవ శతాబ్దిలో, సుమారు 945 ప్రాంతమున, జినవల్లభుడనువాడు దానిని వ్రాయించెను. సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును అందున్నవి. తెలుగు భాగమున మూడు కందపద్యములు కలవు గావున మన పద్యరచన ప్రాచీనతకు సాక్ష్యముగా దానిని విద్యార్థులు పాఠములలో చదువుచున్నారు. కాని ఆ శాసనమునకు మరియొక విశేషము కలదు. అది ఒక కవి చరిత్ర.

జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్య ప్రభువగు రెండవ అరికేసరి ఆస్థానమున నుండి 'విక్రమార్జున విజయము', 'ఆదిపురాణము' రచించిన మహాకవి. తమ తండ్రి భీమపయ్య యనియు, తల్లి అబ్బణబ్బె యనియు, తాత అభిమానచంద్రుడనియు, తమది కమ్మనాటిలోని వంగిపర్రు అనియు తమ్ముడు ఆ బండమీద చెప్పించినాడు. తాను కట్టించిన త్రిభువనతిలక బసదిని, త్రవ్వించిన కవితాగుణార్ణవ తటాకమును, వేయించిన మదనవిలాస వనమును పేరు పేరున పేర్కొన్నాడు. అన్నగారిని పొగడినాడు కూడ. తమ్ముడు అన్నను పొగడుట తప్పు కాదు. అయినను వేయేండ్లకు పైగా గడచిన పిమ్మట నేటి పండితులు ఆ బండయొద్దకు పోవుచున్నది పొగడ్తల కొరకు కాదు. తండ్రి పేరు కొరకు, ఊరి పేరు కొరకు. పొగడ్త విన్న చెవులు పోయినవి. వివరము మిగిలినది.

ఈ పాత ముచ్చట ఇప్పుడేల యని పాఠకులు అడుగవచ్చును. నేడు మన కవుల చరిత్రలు మరియొక బండమీద వ్రాయబడుచున్నవి. ఆ బండ పేరు వికీపీడియా. తెలుగున అది 2003 డిసెంబరులో ఆరంభమైనది. ఎవరైనను వ్రాయవచ్చును, ఎవరైనను దిద్దవచ్చును, రుసుము లేదు. కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును తలపెట్టి, రేయింబవళ్ళు శ్రమించి, మూడు సంపుటములు మాత్రమే వెలువరింపగలిగి 1923లో పరమపదించిరి. ఆయనకు కొరతపడినది పాండిత్యము కాదు. వ్రాయు చేతులు, కాగితము, కాలము. నేడు ఆ మూడును మన పిల్లల అరచేతిలోనికి వచ్చినవి. వచ్చినదానితో మనమేమి చేయుచున్నాము?

మా తరగతిలో జరిగిన చిన్న సంగతి చెప్పెదము. అలిశెట్టి ప్రభాకర్‌ను గూర్చి ఒక పుట వ్రాసి తెమ్మని విద్యార్థులకు చెప్పితిమి. ఒక బాలిక ఆయన 1954లో జన్మించెనని వ్రాసినది. ఆమె ప్రక్కన కూర్చున్న బాలుడు 1956 అని వ్రాసినాడు. ఏది నిజమని అడుగగా ఇద్దరును చేతిఫోనులు చూపిరి. ఇద్దరి ఫోనులలోను వారు చెప్పినదే ఉన్నది. 'అందులో ఉన్నది సార్' అను మాటయే వారి ఆధారము.

అలిశెట్టి ప్రభాకర్ పరదేశపు కవి కాడు. మరుగుపడిన పురాణకాలపు కవియు కాడు. జగిత్యాలలో పుట్టినాడు. మొదట చిత్రకారుడు, ఆపై ఛాయాచిత్రకారుడు, ఆపై కవి. 1976లో జగిత్యాలలో, 1979లో కరీంనగరములో, 1983లో హైదరాబాదులో స్టూడియోలు పెట్టి, బొమ్మలు తీసి పొట్టపోసికొనుచు కవిత్వము వ్రాసినాడు. 'ఎర్ర పావురాలు' 1978లో, 'మంటల జెండాలు' 1979లో, 'చురకలు' 1981లో, 'రక్తరేఖ' 1985లో వచ్చినవి. 'సిటీ లైఫ్' అను శీర్షికతో దినపత్రికలో యేండ్ల తరబడి చిన్న చిన్న కవితలు వ్రాసి నగరపు బ్రతుకును కత్తిమొనతో గీసినట్లు చూపినాడు. క్షయవ్యాధితో 1993 జనవరి 12వ తేదీన మరణించినాడు. ఆయనతో కలిసి చాయ త్రాగినవారు, ఆయన తీసిన ఫోటోలు ఇండ్లలో గోడలకు తగిలించుకొన్నవారు జగిత్యాలలోను కరీంనగరములోను నేటికిని ఉన్నారు. అట్టి కవి పుట్టిన యేడు కొన్నిచోట్ల 1954 అనియు, కొన్నిచోట్ల 1956 అనియు అచ్చగుచున్నది. పుట్టినది కూడ జనవరి 12నే యందురు గావున, మరణించునాటికి ఆయనకు ఒక లెక్క ప్రకారము ముప్పదితొమ్మిదేండ్లు, మరియొక లెక్క ప్రకారము ముప్పదియేడు.

రెండేండ్ల తేడాకు ఇంత రాద్ధాంతమా యని కొందరందురు. 1978వ సంవత్సరము జగిత్యాల చరిత్రలో మరువరాని సంవత్సరము. దొరల పెత్తనముపై రైతుకూలీలు వేలుగా కదలి వచ్చిన ఆ యేడే ప్రభాకర్ మొదటి కవితాసంపుటి వెలువడినది. ఆనాటికి ఆయన ఇరువదిరెండేండ్లవాడా, ఇరువదినాలుగేండ్లవాడా? ఆ కాలపు ఏ తరగతి విద్యార్థులతో కలిసి పెరిగినాడు? తొలి కవిత ఏ వయసున వ్రాసినాడు? ఈ ప్రశ్నలన్నియు ఆ ఒక్క అంకెమీద నిలిచియున్నవి. అదియునుగాక, ఇంత సమీపకాలపు కవి పుట్టినయేడు నిర్ణయింపజాలని మనము, నన్నెచోడుని కాలమును గూర్చి సభలలో వాదించుట నవ్వులపాలగుటయే.

ఈ తప్పున మాకును పాలు కలదు. కొన్నేండ్ల క్రిందట ఒక వర్ధంతి సభలో మాట్లాడవలసి వచ్చినప్పుడు, సభకు పోవు త్రోవలోనే ఫోనులో చూచి ఒక యేడు చెప్పితిమి. మరునాడు అది ఒక పత్రికలో మా పేరుతో వచ్చినది. మరికొన్ని నెలలకు ఒక విద్యార్థి తన వ్యాసమున ఆ యేటికి ఆధారముగా ఆ పత్రికావార్తనే చూపినాడు! తెరమీది మాట మా నోటికి వచ్చినది. మా నోటి మాట పత్రికకెక్కినది. పత్రిక మాట మరల తెరకు ఆధారమైనది. చుట్టు తిరిగి వచ్చిన మాట బలపడినట్లు కనిపించును గాని, దానికి కొత్తగా ఒక్క సాక్షియు చేరలేదు. గొర్రెదాటు అను మాటకు ఇంతకంటె వేరే ఉదాహరణము అక్కరలేదు. ఆనాడు ఆ విద్యార్థిని మందలింపలేకపోతిమి.

ఇట్టి చిక్కు మనకే వచ్చినది కాదు. అమెరికా దేశపు ఆధునిక కవులలో లాంగ్‌స్టన్ హ్యూస్ పేరు విననివారు అరుదు. నల్లజాతివారి బ్రతుకును, వారి సంగీతపు నడకను కవిత్వములోనికి తెచ్చిన కవి. ఆయన 1902 ఫిబ్రవరి 1వ తేదీన జన్మించెనని ఆయనయే నమ్మినాడు. జీవితచరిత్రకారులును, విజ్ఞాన సర్వస్వములును దశాబ్దముల తరబడి అదే వ్రాసిరి. 1967లో ఆయన మరణించిన అర్ధశతాబ్దికి, 2018లో, ఎరిక్ మెక్‌హెన్రీ అను కవి, అధ్యాపకుడు, పాత స్థానిక పత్రికలను చూచుచుండగా కాన్సాసు రాష్ట్రమందలి టొపీకా పట్టణపు పత్రికలో 1901వ సంవత్సరపు చిన్న వార్త కనబడినది. పసివాడు లాంగ్‌స్టన్‌కు జబ్బు చేసినదని ఆ వార్త. 1902లో పుట్టవలసిన బిడ్డకు 1901లో జబ్బు చేయుటెట్లు? ఆ వార్తతో లెక్క తారుమారైనది. నేడు ఆయన జన్మసంవత్సరము 1901 అని దిద్దబడినది.

మనము గమనింపవలసినవి ఇందు రెండు కలవు. కవి స్వయముగా చెప్పిన మాటకంటె, ఆనాటి పత్రిక ఏ ఉద్దేశము లేక అచ్చువేసిన వార్త బలమైన సాక్ష్యమైనది. ఇది మొదటిది. ఆ సాక్ష్యము ఏ మహానగరపు గ్రంథాలయమునందలి మహాగ్రంథములోనో కాక, ఊరి పత్రికలో ఊరి కబుర్ల నడుమ దొరకినది. ఇది రెండవది. అట్టి పత్రికలు, కరపత్రములు, సభల ఆహ్వానపత్రికలు, పాఠశాల వార్షిక సంచికలు మన జిల్లాలలో ఎన్ని ఇండ్ల అటుకులమీద చెదలకు ఆహారమగుచున్నవో ఎవరు లెక్కింపగలరు?

ఇక దిద్దుబాటు ఎట్లు చేయవలెను? ఉత్సాహవంతుడగు ఉపాధ్యాయుడు వెంటనే ఫోను తీసి, తనకు తోచిన యేడు వేసి, రెండవదానిని కొట్టివేయుట దిద్దుబాటు కాదు. మరునాడు మరియొక ఉత్సాహవంతుడు దానిని తిరుగవ్రాయును. విజ్ఞాన సర్వస్వమునకు ఒక నియమము కలదు. నీవెరిగినది అచట మొదటిసారి చెప్పరాదు. ఇతరులు పరీక్షింపగల ప్రచురణలో ముందే వచ్చినదానినే అచట చెప్పవలెను. కవితో కలిసి తిరిగినవారికి ఈ నియమము కష్టము కలిగించును. 'మేము కన్నులార చూచినవారము. మమ్ములను ఆధారమడుగుటకు వీరెవరు?' అని కోపగింతురు. ఆ కోపమును అర్థము చేసికొనవచ్చును. కాని మన తరువాత ముప్పదియేండ్లకు చదువు విద్యార్థికి మన కన్నులు ఉండవు. మన కాగితమే ఉండును. ఆధారమడుగుట మనలను అవమానించుట కాదు. మన మాటకు మన తదనంతరము కూడ బ్రతుకునిచ్చుట.

కావున పని తలక్రిందులుగా కాక వరుసగా సాగవలెను. పాఠశాల ప్రవేశపట్టిక, పరీక్షా ధ్రువపత్రము, పుస్తకముల తొలిముద్రణలలోని పీఠికలు, ఆనాటి పత్రికలు మొదట వెదకవలెను. బంధుమిత్రులను మర్యాదతో కలిసి, వారి అనుమతితో, చెప్పినది తేదీతో వ్రాసికొనవలెను. వచ్చినదానిని, ఎక్కడ దొరకినదో చెప్పుచు, పత్రికలోనో సంచికలోనో వ్యాసముగా ప్రకటింపవలెను. ఆ తరువాతనే విజ్ఞాన సర్వస్వమున చేర్పవలెను. పాఠశాల పట్టికలోని తేదీలు కూడ ఒకప్పుడు బడిలో చేర్చుకొనుటకు పంతులుగారు ఉజ్జాయింపుగా వేసినవే యని మన తరమువారికి తెలియును. అందుచేత ఒక్క కాగితముతో తృప్తిపడరాదు. అంతవరకు రెండు సంవత్సరములను, ఏది ఎక్కడ వచ్చినదో చూపుచు, ప్రక్కప్రక్కన ఉంచుట నిజాయితీ. సందేహమును సందేహముగా వ్రాయుట అజ్ఞానము కాదు.

రెండవ దోషము పొగడ్త. మన కవుల పుటలు తెరచినచో విశేషణముల వాన కురియుచుండును. ఆ వానలో కవి తడిసిపోవును గాని కనబడడు. సి. నారాయణరెడ్డిగారిని గూర్చి నాలుగు పంక్తుల ప్రశంస వ్రాయుటకంటె, 1931 జూలై 29వ తేదీన హనుమాజీపేటలో పుట్టిన బాలుడు 'విశ్వంభర'ను 1980లో ప్రకటించెననియు, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమందెననియు, 2017 జూన్ 12వ తేదీన మరణించెననియు చెప్పినచో చదువరికి ఆయన ఎత్తు తానై తెలియును. ఆ పురస్కారము తెలుగున తొలుత పొందిన విశ్వనాథ సత్యనారాయణగారు 1959 నుండి 1961 వరకు కరీంనగరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యులుగా ఉండిరని చెప్పినచో ఈ నేల సాహిత్యపు నాడి మరింత తెలియును. విశేషణము తీసివేసినను నిలుచు వాక్యమే విజ్ఞాన సర్వస్వమునకు తగిన వాక్యము. తరగతిలో ఇది మంచి పరీక్ష: ప్రతి వాక్యములోని పొగడ్తను కొట్టివేసి చూడుడు, ఏమియు మిగులనిచో ఆ వాక్యము అక్కరలేదు.

మూడవది ఊరి పేర్లు, జిల్లాల పేర్లు. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు మారినవి. హనుమాజీపేట నాడు కరీంనగరము జిల్లా, నేడు రాజన్న సిరిసిల్ల జిల్లా. జగిత్యాల తానే జిల్లా యైనది. 'పోతన చరిత్రము' రచించిన వానమామలై వరదాచార్యులవారు నివసించిన చెన్నూరు నాడు ఆదిలాబాదు జిల్లా, నేడు మంచిర్యాల జిల్లా. పాత పేరు కొట్టివేసి కొత్త పేరు వేసినచో పాత పుస్తకములు చదువు విద్యార్థి దారి తప్పును. కొత్త పేరు వేయకున్నచో నేటి పిల్లవాడు ఊరు వెదకికొనలేడు. 'నాటి', 'నేటి' యను రెండు చిన్న మాటలు చేర్చినచో వివాదమే లేదు.

ఆదిలాబాదు ఉపాధ్యాయులకు మరియొక ప్రత్యేక కర్తవ్యము కలదు. సామల సదాశివగారు 1928 మే 11వ తేదీన నాటి ఆదిలాబాదు జిల్లాలో పుట్టి, ఉపాధ్యాయవృత్తిలో జీవించి, తెలుగు వారికి ఉర్దూ కవిత్వమును, హిందుస్తానీ సంగీతమును మాటల మాధుర్యముతో పరిచయము చేసిన రసజ్ఞులు. 'స్వరలయలు' అను గ్రంథమునకు 2011 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. 2012 ఆగస్టు 7వ తేదీన స్వర్గస్థులైరి. అట్టివారి చరిత్ర వ్రాయవలెనన్న తెలుగు పత్రికలు మాత్రమే చాలవు. ఉర్దూ పత్రికలును చూడవలెను. తెలుగు ఉర్దూ రెండును హాయిగా చదువగల పెద్దలు నిర్మలులోను, ఆదిలాబాదులోను ఏటేట తగ్గుచున్నారు. ఒక విద్యార్థి, ఒక ఉర్దూ తెలిసిన పెద్ద కలిసి కూర్చున్న ఒక మధ్యాహ్నము చేయు పనిని, ఆ పెద్ద పోయిన తరువాత పది విశ్వవిద్యాలయములు చేయలేవు.

ఒక హెచ్చరిక కూడ చేయవలసియున్నది. కవిమీది ప్రేమతో ఆయన కవితలన్నియు తెచ్చి ఆ పుటలో కుప్పపోయరాదు. మన చట్టము ప్రకారము రచయిత మరణించిన తరువాత అరువదేండ్లు గడచువరకు రచనలపై హక్కు వారసులది. ప్రభాకర్ కవితలకు అది 2053 చివరివరకు నడచును. కవిత చదువవలెనన్న పుస్తకము కొనవలెను. విజ్ఞాన సర్వస్వము ఆ పుస్తకమునకు దారి చూపవలెను గాని దానికి బదులు కారాదు.

ఎవరు పడితే వారు దిద్దు దానికి విలువ యేమి యని పెదవి విరచువారు కలరు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. కాని అచ్చుపుస్తకములోని తప్పును మరుముద్రణ వరకు భరింపవలెను. ఇచట నేడే దిద్దవచ్చును. ఎవరు ఎప్పుడు ఏ మాట మార్చిరో తెలుపు 'చరిత్ర' యను పుట ప్రతి వ్యాసమునకు కలదు. భేదాభిప్రాయము వచ్చినచో మాటాడుకొనుటకు 'చర్చ' యను పుట కలదు. అందరు కూడి ముచ్చటించుచోటికి 'రచ్చబండ' యని మన ఊరి పేరే పెట్టుకొనిరి. నాలుగు పంక్తులతో ఆగిపోయిన వ్యాసమును 'మొలక' యందురు. ఎంత చక్కని మాట! మొలకకు నీరు పోయవలసినవాడు దూరదేశపువాడు కాదు, ఆ పొలమువాడే.

తెలంగాణమున కవులే లేరని ఒకప్పుడు ఒకరు వ్రాసినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో ఒక వ్యాసము వ్రాసి ఊరకుండలేదు. ఊరూరికి వర్తమానమంపి, వివరములు రప్పించి, 354 మంది కవులతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. ఆక్షేపణకు ఆయన ఇచ్చిన ప్రత్యుత్తరము కేక కాదు, జాబితా. ఆనాడు తపాలా తప్ప వేరే సాధనము లేదు. నేడు మనకు లేనిది సాధనము కాదు.

కావున మా ప్రార్థన ఇది. రెండు పాత జిల్లాలలోని ప్రతి ఉన్నత పాఠశాల తన ఊరి చుట్టుపట్ల కవిని ఒక్కరిని ఎన్నుకొనుగాక. ఒక విద్యాసంవత్సరములో అయిదు విషయములు మాత్రమే నిర్ణయించుగాక: పుట్టిన చోటు, పుట్టిన యేడు, చదువు, పుస్తకములు వాని తొలిముద్రణ సంవత్సరములు, మరణము. ప్రతిదాని ఎదుట ఆధారము వ్రాయుగాక. అయిదింటిలో మూడే దొరకినచో మూడే వ్రాయుగాక. ఆ మూడు పంక్తులు వ్రాసిన బాలుడు ఇక జన్మలో ఏ మాటనైనను 'అందులో ఉన్నది సార్' అని ఒప్పుకొనడు. కవికి జరుగు మేలుకంటె ఆ బాలునికి జరుగు మేలు పెద్దది.

మా తరగతిలోని ఆ ఇద్దరు పిల్లల పుటలలో ఏ యేటిని తప్పని కొట్టవలెనో మాకు ఆధారము చిక్కలేదు. రెండింటిమీదను గీత గీయక, ప్రక్కన ప్రశ్నార్థకము వేసి, ఇద్దరిని జగిత్యాలకు పోయి వెదకి రండని పంపితిమి. జినవల్లభుడు అన్న పేరు చెక్కించుటకు బండ వెదకినాడు. మనము వెదకవలసినది బండను కాదు, దానిమీద చెక్కదగిన నిజమును.